స్టాపులు చెప్పనన్నాను

నేను సిటీ బస్సు కండక్టర్‌ని. కూర్మన్నపాలెం నుంచి కాంప్లెక్స్ బస్టాండు దాకా మా రూటు. స్టీల్ ప్లాంటు షిఫ్టు మారే వేళ బస్సు ఎంత కిక్కిరిసినా నా కేక వెనక సీటు దాకా వినపడేది. ఫుట్‌బోర్డు మీద వేలాడే కాలేజీ కుర్రాళ్ళు నా నోటికి జడిసే లోపలికి జరిగేవాళ్ళు.

ఒక ఉదయం దువ్వాడలో మా ఇంట్లో, డ్యూటీకి తయారవుతూ చీరకి పిన్ను పెట్టుకుంటుంటే కుడిచెయ్యి వాలిపోయింది. మా ఆయన్ని పిలిచాననే అనుకున్నాను. ఏదో గొణుగుడు మాత్రం వచ్చింది. మెదడులో రక్తం గడ్డకట్టిందనీ, మాట పుట్టే చోటే దెబ్బ తిందనీ ఆస్పత్రిలో చెప్పారు. దాన్ని అఫేజియా అంటారట. ఎవరైనా గబగబా మాట్లాడితే నాకు కొంత జారిపోయేది, నిదానంగా చెబితే అంతా అర్థమయ్యేది. దాహం వేస్తోందని తెలుసు, ఎదురుగా గ్లాసు కనిపిస్తోంది. నీళ్ళు అనబోతే చెప్పులు అని వచ్చేది.

ఇంటికొచ్చాక నా నోట మొదట తిన్నగా వచ్చినవి స్టాపుల పేర్లే. మా తమ్ముడిది పద్మనాభం ఊరి దగ్గర వ్యవసాయం. నన్ను చూడ్డానికి వచ్చినవాడు మంచం పక్కన కూర్చుని, ఏం మాట్లాడాలో తోచక, "కూర్మన్నపాలెం..." అన్నాడు. నేను అందుకున్నాను. గాజువాక, షీలానగర్, ఎన్ఏడీ, కంచరపాలెం, కాంప్లెక్స్. గడగడా చెప్పేశాను. వాడు ఏడ్చేశాడు. వంటింట్లోంచి మా ఆయన పరుగెత్తుకొచ్చాడు.

మాట వచ్చేసిందనుకున్నాం. రాలేదు. ఏళ్ళ తరబడి అరిచిన వరస కనక దానంతటది దొర్లుకుంటూ వచ్చింది, అంతే. మధ్యలో షీలానగర్ ఒక్కటే అనమంటే అనలేకపోయాను.

అయినా అందరికీ ముచ్చటేసింది. ఎవరు చూడవచ్చినా, కొన్నాళ్ళు మాతోనే ఉండిపోయిన తమ్ముడు మొదలెట్టేవాడు. "అప్పా, ఓపాలి స్టాపులు సెప్పప్పా. పిన్నోళ్ళు ఇంటారు."

నేను చెప్పేదాన్ని. చప్పట్లు కొట్టేవారు. ఆ తర్వాత నా ముందే, నేను లేనట్టు, నా గురించి మాట్లాడుకునేవారు. "బుర్ర పోనాది గావాల. పాపం, సిన్నపిల్లయిపోనాది." మా పిన్ని ఒకరోజు చప్పట్లు కొట్టి, నా ఎడమచేతిలో చాక్లెట్ పెట్టి వేళ్ళు మూసింది.

ఆ చాక్లెట్ గోడకేసి కొట్టాలనిపించింది. అలవాటు లేని ఎడమచేత్తో అది కూడా సరిగ్గా చెయ్యలేను కదా అని మంచం మీద వదిలేశాను. మర్నాటి నుంచి నోరు మూసుకున్నాను. తమ్ముడు బతిమాలాడు. మా ఆయన, "ఏటయిందే? మొన్నటిదాకా బాగా సెప్పావు కదా," అని కంగారుపడి మళ్ళీ ఆస్పత్రికి తీసుకెళ్ళాడు.

కొత్త దెబ్బేమీ లేదన్నారు. డాక్టరు మా ఆయన్ని చూసి, "ఈవిడకి మనం మాట్లాడేది అర్థమవుతోందా?" అని అడిగాడు. నేను ఎడమచేత్తో బల్ల మీద గట్టిగా కొట్టాను. పెన్ను కిందపడింది. ఆయన నావైపు తిరిగి, క్షమించమని అడిగి, పై అంతస్తులో సైకాలజిస్టు దగ్గరికి పంపాడు.

ఆమె నా కూతురికన్నా కాస్త పెద్దదేమో. కుర్చీ నా ఎదురుగా లాక్కుని, మా ఆయనతో, "మీరు కాసేపు ఏమీ అనకండి," అంది. కాగితం మీద పెద్ద అక్షరాలతో రెండు మాటలు రాసి నా ముందు పెట్టింది. రావడం లేదు. చెప్పను.

"స్టాపుల పేర్లు మీకు రావడం లేదా అమ్మా? లేక మీరే చెప్పనంటున్నారా?"

అడిగి ఊరుకుంది. తొందరపెట్టలేదు. నేను రెండో మాట మీద వేలు పెట్టి నొక్కి పట్టుకున్నాను.

మా ఆయన ముఖం పాలిపోయింది. "నాకు తెలీదు మేడం. తనకి సంతోషంగా ఉంటాదనుకున్నాను."

ఆమె నవ్వింది. "మీ కోపం బాగానే ఉందమ్మా. దాన్ని మాత్రం పోనివ్వకండి."

తర్వాత అంతవరకూ ఎవరూ అడగనిది అడిగింది. ఎందుకు బతికానా అనిపిస్తోందా అని. తల ఊపాను. వెక్కివెక్కి ఏడ్చాను. మాట పోయినవాళ్ళకి ఆ దిగులు రావడం మామూలేననీ, దానికీ వైద్యం ఉందనీ నిదానంగా చెప్పింది. ఏది అడిగినా నన్నే అడగాలనీ, జవాబు కోసం ఆగాలనీ, నా మాట తను పూర్తి చెయ్యకూడదనీ మా ఆయనకి నేర్పింది. నేర్చుకోవడానికి పాపం చాలా కష్టపడ్డాడు.

వారానికోసారి ఆస్పత్రి హాల్లో నాలాగా మాట పోయినవాళ్ళం కూర్చునేవాళ్ళం. పాత టౌనులో గడియారాల షాపు నడిపే సాయిబుగారొకరు వచ్చేవారు. ఆయనకి మిగిలింది 'అచ్ఛా' ఒక్కటే. ఔనన్నా, కాదన్నా, కడుపు నొప్పన్నా అచ్ఛా. మొదటిరోజు వేడి టీ ఒళ్ళో ఒలికితే లేచి నిలబడి, బూతు తిట్టినట్టు, "అచ్ఛా!" అని అరిచారు. పడీపడీ నవ్వాం. ఆయనా నవ్వారు. ఇంట్లో కూర్చోమన్న కొడుకుల మాట వినకుండా తర్వాత ఆయన షాపుకెళ్ళి మళ్ళీ గల్లా ముందు కూర్చున్నారని వాళ్ళావిడ చెప్పింది.

ఆనందపురంలో బంధువుల పెళ్ళికి వెళ్ళినప్పుడు పిన్ని నన్ను చూడగానే ఫోను తీసింది. "ఏటే, స్టాపులు సెప్పు. వీడియో తీత్తాను."

చుట్టూ జనం చేరారు. తమ్ముడు నోరు తెరవబోయి నన్ను చూసి ఆగాడు. నేను చెయ్యెత్తాను.

"నా... నా..."

"'నాకు సిగ్గు' అంటంది!" అంది పిన్ని. తల అడ్డంగా ఊపాను. మా ఆయన పెదవులు బిగబట్టుకుని నిలబడ్డాడు. సాయం చెయ్యలేదు. అంతకన్నా పెద్ద సాయం లేదని ఆయనకి అప్పటికే తెలుసు.

"నాను... సె... సెప్పను."

ఫోను దిగింది. "కోపమొచ్చిందేటే?"

"అవును." అది మాత్రం తడుముకోకుండా వచ్చింది.

పిన్ని ఫోను సంచిలో పెట్టేసింది. తర్వాత నా పక్కన కూర్చుని, మామూలు గొంతుతో, "మోకాలు నొప్పిగా ఉందే నాకు. నీకెలాగుంది?" అని అడిగి, ఆగింది.

కండక్టర్ పనికి ఇక వెళ్ళలేను. దానికి ఏడ్చాను, ఇంకా అప్పుడప్పుడూ ఏడుస్తాను. ఇదంతా ఎడమచేత్తో రాస్తున్నాను. మాట తట్టకపోతే మా అమ్మాయి కొన్ని మాటలు వరసగా చెబుతుంది, నాక్కావలసింది నేను ఏరుకుంటాను. తనకి నచ్చింది పెట్టబోతే ఆ మాట కొట్టేస్తాను.

మొన్న చేపల బజారుకి ఒక్కదాన్నే వెళ్ళాను. వంజరం అడగబోతే పంచాంగం అన్నాను. చేపలమ్మే ఆమె పకపకా నవ్వింది. వెనకాల ఉన్నావిడ, "జరగమ్మా, ఎవరినైనా తోడు తెచ్చుకో," అంది. జరగలేదు. బుట్ట కింద పెట్టి, చేపని వేలితో చూపించి, ముక్కలు ఎంత మందాన కొయ్యాలో కూడా వేళ్ళతోనే చెప్పాను. వెనకావిడ ఉసూరుమంటూ నిలబడే ఉంది. ముక్కలన్నీ కోయించుకునే పక్కకి తప్పుకున్నాను.