ఒకే పలక మీద ఇద్దరు

నిన్న మధ్యాహ్నం కోయంబత్తూరులోని మా ల్యాబులో ఎవరో మామిడిపండు కోశారు. ఆ వాసనకు నా చేతిలో పని ఆగిపోయింది. ఏటా పెరియకుళం నుంచి సంచితో పండ్లు తెచ్చి పంచిన రుక్మిణక్క గుర్తొచ్చింది. మేము తయారుచేసే నెట్‌వర్క్ పెట్టెలను నడిపే ప్రోగ్రామ్, అంటే డ్రైవర్, రాయడం నాకు నేర్పింది ఆమే. మా టీములో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లం మేమిద్దరమే. ఇద్దరం బడిలో చదివింది తమిళం, అప్పట్లో తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. అందుకే ఆఫీసు రాతలన్నీ ఇంగ్లీషులో, అసలు పాఠాలన్నీ టీ దగ్గర నోటి తెలుగులో జరిగేవి.

ఒకసారి నా డ్రైవర్‌లో, రద్దీలో పారేసిన డేటా ప్యాకెట్లను లెక్కించడానికి ఒకే కౌంటర్ పెట్టాను. పెట్టెలోని రెండు ప్రాసెసర్లూ దాన్నే పెంచేవి. రెండూ ఒకే క్షణంలో పది అని చదివి, రెండూ పదకొండని రాస్తే ఒక ప్యాకెట్ లెక్కలోంచి మాయమవుతుందని అక్క హెచ్చరించింది. వాళ్ల తోటలో రెండు గేట్ల దగ్గర మామిడి బుట్టలు లెక్కపెట్టే పద్ధతి చెప్పింది.

"ఒగే పలకలో ఇద్దురు తుడిచి రాస్తే ఒగురి లెక్క పోతాది తంబీ. ఆళ్లాళ్లకి వేరే పలక ఇయ్యి. అడిగినప్పుడు కూడుకుందాం."

మారుస్తానక్కా అన్నాను. ఆ మాట నమ్మి ఆమె నా కోడ్ రివ్యూలో ఆమోదం నొక్కింది. పరీక్షల్లో లెక్క సరిపోయింది కదా అని నేను పెడచెవిన పెట్టాను.

మదురైలో ఒక కస్టమర్‌కు నెట్‌వర్క్ నెమ్మదించింది. మా పెట్టె కొద్ది ప్యాకెట్లే పారేశానని చూపిస్తుంటే, పాపం, వాళ్లు లోపం తమ తీగల్లోనే ఉందనుకుని వారాల తరబడి కేబుళ్లు మార్చుకున్నారు. చివరికి తప్పు నా కౌంటర్‌లో దొరికింది. రివ్యూలో ఈ సంగతి ఎవరైనా రాశారా అని మేనేజర్ అడిగాడు. అక్క నావైపు చూసింది.

"రాయలేదు" అన్నాను.

అబద్ధం కాదు. నోటితో చెప్పిందన్న మాట మాత్రం మింగేశాను. చూడకుండా ఆమోదించిందన్న నింద ఆమె మీద పడింది, డ్రైవర్ పని ఆమె చేతుల్లోంచి తీసేశారు. ఆ సాయంత్రం బస్టాపులో అక్క ముందు నేను తలెత్తలేదు.

"నోటితో చెప్పింది ఎట్లా చూపించేది తంబీ? పరవాయిల్లే, పోనీ" అంది.

తిట్టినా బాగుండేది. కొన్నాళ్లకు ఉద్యోగం వదిలి ఊరెళ్లిపోయింది. రేపు చెబుదాం, మాపు చెబుదాం అని ఏళ్లు గడిపాను. ఆమె పోయిందన్న కబురు విన్న రోజున వెళ్లి మేనేజర్‌కు అంతా చెప్పాను. ఆయన ఏ రుక్మిణి అని అడిగాడు.

ఇప్పుడు ఆ డ్రైవర్‌లో ప్రాసెసర్‌కొక కౌంటర్ ఉంది. ఆమె పోయాకే నేను తెలుగు అక్షరాలు దిద్దుకున్నాను. కోడ్‌లో ఆ కౌంటర్ల పైన ఒక వాక్యం తెలుగులో రాసి పెట్టాను. కొత్తగా చేరినవాళ్లు అదేమిటని అడుగుతారు. చదివి వినిపిస్తాను: రుక్మిణక్క ముందే చెప్పింది.