ఎర్ర దారం, ప్రార్థన గ్రూపు, నా కుడికన్ను

సూదిలో దారం ఎక్కించేటప్పుడు కుడికన్ను మూసుకోవడం నాకు అలవాటు. ఆ రోజు ఎదురింటి సరళ గారి జాకెట్టుకి హెమ్మింగు చేస్తూ అట్టాగే మూసా. చేతిలో ఉన్న ఎర్ర దారం తడిసిన ఇటుక రంగులో కనపడింది. తప్పు ఉండ తీసానేమో అనుకుని రెండు కళ్లూ తెరిస్తే ఎర్రగానే ఉంది. మళ్లీ మూసా. మళ్లీ ఇటుకే. సరళ గారు గుమ్మంలో నిలబడి, "నా జాకెట్టు కుట్టబుద్ధి కాకపోతే చెప్పు కరుణా, ఇట్టా కన్ను కొట్టి పంపించబాక" అని ఎగతాళి చేసారు. నేనూ నవ్వా. కానీ ఆ పూటంతా మనసు కుదురుగా లేదు. పోపు వేసి వచ్చి దారం చూసా. అన్నం వార్చి వచ్చి చూసా.

నేను బడికి వెళ్లి చదువుకున్నదాన్ని కాదు. పుట్టింది జగ్గయ్యపేటలో. చిన్నప్పుడు లారీల దుమ్ముకి ఆయాసం వచ్చి నెలలో సగం మంచం మీదే ఉండేదాన్ని. మా నాన్న టీచరు. సాయంత్రం ఇంటికి రాగానే చొక్కా కూడా విప్పకుండా నాకు పాఠం చెప్పేవాడు. ఆ చదువుతోనే ఇది రాస్తున్నా. నాన్న ప్రభువు దగ్గరికి వెళ్లాక అమ్మా నేనూ నందిగామ వచ్చేసాం. నా కుట్టుమిషన్ మీదే మా ఇల్లు నడిచేది.

దారం రంగు మారిన ఆ వారంలోనే ఎక్కిళ్లు పట్టుకున్నాయి. నీళ్లు తాగినా, ఊపిరి బిగబట్టినా ఆగేవి కావు. వెనకాలే వాంతులు. గ్యాస్ అని ఒక క్లినిక్కులో మందిచ్చారు. తర్వాత ఎడమకన్ను పక్కకి తిప్పితే నొప్పి మొదలైంది. నందిగామలో కంటి డాక్టరు గారు లైటు వేసి చూసి, "కన్ను బాగానే ఉంది తల్లీ, వెనక నరం వాచినట్టుంది. విజయవాడలో న్యూరాలజిస్టుని చూడండి, రేపటికి పెట్టుకోవద్దు" అన్నారు. బస్సు కంచికచర్ల దాటేసరికి నా కాళ్లు నావి కానట్టయినై. దిగేటప్పుడు కండక్టరు, అమ్మ చెరో చెయ్యీ పట్టుకుని దించారు.

విజయవాడలో ఎమ్మారై, వెన్నులో నీరు తీసి పరీక్ష, ఏదో యాంటీబాడీ కోసం రక్తపరీక్ష. జబ్బు పేరు ఎన్‌ఎమ్ఓ అన్నారు. మన ఒంటిని కాపాడాల్సిన శక్తే కంటినరం మీద, వెన్నుపూస లోపలి నరం మీద పడుతుందట. డాక్టరమ్మ గారు మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని చెప్పారు: "ఇది పోయే జబ్బు కాదమ్మా, పడుకోబెట్టి ఉంచే జబ్బు. ఈ టాబ్లెట్లు దాన్ని పడుకోబెడతాయి. మీరు ఆపితే అది లేస్తుంది. లేచి ఏం తీసుకుపోతుందో మనం చెప్పలేం."

స్టెరాయిడ్ సెలైన్లో ఎక్కించారు. అది చాలక రక్తంలోని ప్లాస్మా తీసి మార్చారు. కాళ్లు కొంత వచ్చినై. ఇంట్లో వాకరు, బయటికి వీల్‌చైరు. ఎడమకన్ను రాలేదు. కుడికన్ను దేవుడు నాకు మిగిల్చాడు. అప్పటినుంచి పొద్దున లేవగానే ప్రార్థన, ఆ వెంటనే ఎర్ర దారపు ఉండ తీసి కుడికన్నుతో చూసుకోవడం. ఎరుపు ఎరుపుగా ఉంటే ఆ రోజు గడిచినట్టే.

గడిచేది కానీ నిమ్మళంగా కాదు. స్టెరాయిడ్ వల్లనో భయం వల్లనో ఒక చోట ఉండలేకపోయేదాన్ని. నడవలేని మనిషికి ఒకచోట ఉండలేకపోవడం ఏమిటని మీరు అనుకోవచ్చు. కాళ్లు మంచం మీద ఉంటై, నేను మాత్రం ఇల్లంతా తిరుగుతూ ఉండేదాన్ని.

ఇక్కడ మా చర్చి కూడిక సంగతి చెప్పాలి. బుధవారం స్త్రీల ప్రార్థనలో "ఒంట్లో బాగాలేదు, ప్రార్థించండి" అంటే మావాళ్లకి సరిపోదు. ఏ ఎముక, ఏ టాబ్లెట్టు, డాక్టరు ఏమన్నాడు, అన్నీ నిలబడి చెప్పాలి. అంతా వింటే గాని ప్రార్థన గట్టిగా రాదని మా నమ్మకం. ఫోన్లు వచ్చాక ఆ అలవాటే గ్రూపులోకి వచ్చింది. స్కానింగు ఫోటోలు, రక్తపరీక్ష కాగితాలు, అన్నీ అందులో పెట్టేవాళ్లు. మొదట మా వీధివాళ్ల గ్రూపే. తర్వాత చందర్లపాడు, వీరులపాడు చుట్టాలు చేరారు, వాళ్ల చుట్టాలు చేరారు, లింకు ఎవరెవరికి వెళ్లిందో ఎవరికీ తెలియదు. కష్టంలో ఆ గ్రూపు నన్ను మోసింది. ముఖం తెలియని అక్కలు నా పేరు పెట్టి ఉపవాసం ఉన్నారు. ఈ రోజుకీ వాళ్లకి రుణపడి ఉన్నా.

ఒక మధ్యాహ్నం ఫోను వచ్చింది. విజయవాడ హాస్పిటల్ ఫాలోఅప్ సెక్షన్ నుంచి అన్నారు. మర్యాదైన గొంతు. నా జబ్బు పేరు చెప్పారు, వెన్నులో మచ్చ ఎక్కడుందో చెప్పారు, ఏ టాబ్లెట్టు ఎంత వేసుకుంటున్నానో చెప్పారు. మొన్నటి రక్తపరీక్షలో లివర్ లెక్క కొంచెం పెరిగిందనీ, ఆ టాబ్లెట్లు ఇంక ఆపకపోతే ప్రమాదమనీ, బదులుగా, డబ్బు కడితే కొరియర్లో పొడి పంపుతామనీ అన్నారు. లివర్ లెక్క కాస్త పెరిగిన మాట నిజమే. డాక్టరమ్మ గారు చూసి, పర్లేదన్నారు. ఆ మాట నేను చెప్తే, పైన పెద్ద డాక్టర్లు మళ్లీ చూసారని అన్నారు. ఫోను పెట్టే ముందు నా కోసం, మా అమ్మ కోసం పేర్లతో ప్రార్థన చేసారు. అమ్మ పక్కనే కళ్లు మూసుకుని ఆమెన్ అంది. నా కాగితాలన్నీ తెలిసిన మనిషి, పైగా ప్రార్థించే మనిషి. ఇంకేం అనుమానిస్తాం?

టాబ్లెట్లు ఆపి పొడి వేసుకున్నా. మొదట్లో ఒళ్లు తేలికైనట్టే అనిపించింది. అమ్మ స్తోత్రం చెప్పింది. కొన్ని వారాలకి ఒక పొద్దున దారపు ఉండ తీస్తే ఎరుపు వెలిసిపోయి ఉంది. కిటికీ తెరిపించా, వెలుగులో పట్టుకున్నా, కన్ను నలిపా. అమ్మని పిలిచి ఇది ఏ రంగని అడిగా. అమ్మ కారు కోసం బయటికి పరుగెత్తింది.

డాక్టరమ్మ గారు రిలాప్స్, పడుకున్న జబ్బు మళ్లీ లేచింది అన్నారు. టాబ్లెట్లు ఎవరు ఆపమన్నారని అడిగారు. మీ ఫాలోఅప్ సెక్షన్ వాళ్లే కదండీ అన్నా. ఆవిడ, "మాకు అట్టాంటి సెక్షన్ ఏదీ లేదమ్మా" అన్నారు.

మళ్లీ స్టెరాయిడ్, మళ్లీ ప్లాస్మా. వార్డులో పడుకుని పక్కమంచం ఆవిడ ఎర్ర దుప్పటి చూస్తూ ఉండేదాన్ని. ఒక రోజు బూడిదగా, ఒక రోజు కాస్త రంగుగా. ఎడమది పోయినప్పుడు కుడిది ఉందిలే అనుకున్నా. ఇప్పుడు అట్టా అనుకోడానికి ఇంకోటి లేదు. ప్రభువా, అమ్మ ముఖం కనపడేంత ఉంచు చాలు అని అడిగా. అంతకంటే ఎక్కువే ఇచ్చాడు. అక్షరం పెద్దది చేసుకుంటే చదవగలను.

ఇంటికి వచ్చాక ఫోను మోగితే ఎత్తలేకపోయేదాన్ని. సైలెంటులో పెట్టి గూట్లో పడేసా. ఫిజియోథెరపీ అమ్మాయి వీడియోలో రోజూ వ్యాయామం చేయించేది, ఆ ఫోను కూడా ఎత్తలేదు. కాళ్లు బిగుసుకుపోయినై. నాకు డాక్టరు దగ్గరికి దారి ఆ ఫోనే, భయమూ ఆ ఫోనే.

అట్టా ఉన్నప్పుడే యూనివర్సిటీ నుంచి మాధవి అనే అమ్మాయి వచ్చింది. నడవలేనివాళ్లు, చూపు తక్కువవాళ్లు వైద్యం కోసం ఫోను ఎట్టా వాడుతున్నారు, దాంతో ఏ ప్రమాదాల్లో పడుతున్నారు అని పరిశోధన. డాక్టరమ్మ గారు పంపారంది. లోపలికి రానివ్వలేదు. గుమ్మం బయటే నిలబెట్టి, హాస్పిటల్ ఓపీ చీటీ మీదున్న నంబరుకి అమ్మ చేత ఫోన్ చేయించా. వాళ్లు అవునన్నాకే కుర్చీ వేయించా. ఆ అమ్మాయి ఏమీ అనుకోలేదు. పైగా, "అక్కా, నేను అందరికీ చెప్పాలనుకునేది మీరు చేసేసారు" అని నవ్వింది. నాకు అక్షరాలు ఇబ్బందని, సంతకం పెట్టాల్సిన కాగితం మొత్తం చదివి వినిపించి, ఇష్టం లేని ప్రశ్నకి జవాబు చెప్పొద్దంది.

చాలా అడిగింది. చివరికి, మీ రిపోర్టు ఫోటో డాక్టరు కాకుండా ఇంకెవరి దగ్గరుంది అని అడిగింది. ఎవరి దగ్గరా లేదన్నా. మా ఇంట్లో గ్రూపు చూసేది, అందులో పెట్టేది అమ్మే. వంటింట్లోంచి కాఫీ గ్లాసులు తెస్తున్న అమ్మ అక్కడే ఆగిపోయింది. "నేను పెట్టానే గ్రూపులో. ప్రతిసారీ పెట్టా. టాబ్లెట్ల చీటీ కూడా" అంది. ఎవరో తప్పు పట్టినట్టు, "ఏ నరమో తెలియకుండా వాళ్లు ఎట్టా ప్రార్థిస్తారు?" అంది.

మాధవి గ్లాసులు అందుకుని అమ్మని కూర్చోబెట్టింది. ఇట్టాంటి గ్రూపుల్లో రిపోర్టుల కోసం కాచుకుని ఉండేవాళ్లు ఉంటారనీ, ప్రేమతో పెట్టిన కాగితమే వాళ్ల చేతికి దొరుకుతుందనీ నిదానంగా చెప్పింది. గ్రూపులోంచి బయటికి వచ్చేయమంటావా అని అడిగా. "అట్టా అనను అక్కా. బయటికి పోలేనివాళ్లకి అది కూడా తీసేస్తే ఏం మిగులుతుంది? గుమ్మం ఉంచండి, గడియ పెట్టుకోండి" అంది. ఆ నంబరు మీద ఫిర్యాదు ఎట్టా పెట్టాలో దగ్గర కూర్చుని చేయించింది. వాడు దొరికాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

అమ్మ గ్రూపులో తను పెట్టిన ఫోటోలన్నీ తీసేయబోయింది, పాతవి పోలేదు. పాస్టరమ్మ గారితో చెప్పి లింకు మాత్రం మార్పించాం. అమ్మ మాత్రం బుధవారం కూడికకి వెళ్లడం మానేసింది. నా అన్నం కలిపి పెడుతుంది, కాళ్లు ఒత్తుతుంది, మాట ఉండదు. నా కోసం పైకి ప్రార్థించడం కూడా ఆపేసింది. నాకు కన్ను పోతుందన్న భయం కంటే అది ఎక్కువ బాధయింది. నువ్వు చేసింది ప్రేమే అమ్మా అంటే, "ప్రేమ అయితే కళ్లు పోతాయా" అనేది.

తర్వాతి ఎమ్మారై దగ్గరపడింది. కొత్త మచ్చ ఉందో లేదో అప్పుడే తెలుస్తుంది. నా పని కాలు కాలిన పిల్లిలా ఉంది. గూట్లోంచి ఫోను తెప్పించి అమ్మ చేతిలోనే పెట్టి, గ్రూపులో ప్రార్థన అడుగు అన్నా. నావల్ల కాదంది. నువ్వు అడిగితేనే నాకు ధైర్యం అన్నా. చాలాసేపు ఫోను పట్టుకుని కూర్చుంది. "మా కరుణ కోసం ప్రార్థించండి" అని కొట్టి, ఇంతేనా, ఇది సరిపోతుందా అని నన్ను అడిగింది. అంతలో తనే ఇంకో ముక్క కలిపింది: "మిగతాది ఆయనకి తెలుసు."

ఆమెన్ల మీద ఆమెన్లు వచ్చినై. ఎవరూ ఏ నరమని అడగలేదు. ఇప్పుడు మా గ్రూపులో చాలామంది అక్కలు ఆ మాటతోనే ముగిస్తున్నారు.

కొత్త మచ్చ లేదు. టాబ్లెట్లు వేళకి వేసుకుంటున్నా. ఫిజియో అమ్మాయి వీడియో ఫోను ఎత్తుతున్నా. తెలియని నంబరు మోగితే ఇప్పటికీ భయమే. అది పోతుందని మీకు చెప్పలేను. మళ్లీ బుధవారాలు అమ్మ కూడికకి వెళ్తోంది.

చదివేవాళ్లకి నేను చెప్పేది ఒకటే. ఎవరు ఎంత మర్యాదగా, ఎంత ప్రార్థనతో చెప్పినా సరే, మందు ఆపే ముందు మీ ఓపీ చీటీ మీదున్న నంబరుకి మీరే ఫోన్ చేసి అడగండి. వాళ్లు ఇచ్చిన నంబరుకి కాదు.

ఈ పొద్దున కూడా కుడికన్నుతో చూసా. దారం ఎర్రగానే ఉంది. స్తోత్రం.