నేను వానకాలాన్ని తెచ్చిన రోజు

హనుమకొండ బస్టాండు దగ్గర బండివాడు వేడి ఇసుకలో జొన్నలు పోసి గరిటె తిప్పుతుంటే ఒక వాసన లేస్తుంది చూశారూ, మాడీ మాడని, తీపయీ తీపి కాని వాసన, అది ముక్కుకు తగిలితే చాలు, నలభై ఏడేళ్ల ఈ ఒళ్లు ఎక్కాల్సిన బస్సును వదిలేసి కొత్తవాడ నేతగాళ్ల వీధిలో తొమ్మిదేళ్ల పిల్లగా నిలబడిపోతుంది. నేను చెప్పే మాటల్లో సగం కోతలేనని మావాళ్లందరికీ తెలుసు. నేనూ కాదనను. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం మిగతా సగంలోది.

మా ఇంట్లో కాలాలు పంచాంగాన్ని చూసి మారేవి కావు, మా నాయనమ్మను చూసి మారేవి. ఉగాదినాడు ఆమె కొత్త కుండను వాకిట్లో తడి ఇసుక మీద కూర్చోబెట్టి నీళ్లు నింపితే గాని ఎండాకాలానికి మా వీధిలో అడుగుపెట్టే ధైర్యం ఉండేది కాదు. మృగశిర కార్తెనాడు ఇంగువ కలిపిన బెల్లం ఉండను అందరి నోళ్లలో తానే పెట్టి, మింగేదాకా ఎదురుగా నిలబడేది. ఇక తొలి ఏకాదశికి పొద్దంతా ఏమీ ముట్టకుండా ఒక్కపొద్దు ఉండి, దీపం పెట్టాక జొన్నపేలాలు, బెల్లం, యాలకులు కలిపి దంచిన పేలపిండి నోట్లో వేసుకుని, ఉగాదినాటి ఆ కుండను తన చేత్తో బోర్లించేది. కుండ బోర్లిస్తే వానకాలం వచ్చినట్టు. మా ఇంటికి కోడలిగా వచ్చిననాటి నుంచి ఒక్క ఏకాదశి కూడా తప్పలేదని ఆమె గర్వం.

ఆ ఏడు మృగశిర దాటినా చినుకు లేదు. మా కుండ నీడలో నిలబడటానికి కాకులు వంతులు వేసుకునేవి. బావిలో బొక్కెన వేస్తే ముందు దుమ్ము పైకొచ్చి, ఆ వెనక నీళ్లొచ్చేవి. మగ్గం గుంతలో కాళ్లు దించుకుని కూర్చునే మా నాయనకు మాత్రం కాళ్లు చల్లగానే ఉండేవి కాబట్టి వానల ఫికర్ లేదు. పైగా వీధి పొడవునా పడుగు చాపి, దారాలకు గంజి పట్టించి ఎండబెట్టేవాడికి మబ్బు కనిపిస్తే గుండె ఆగుతుంది. నాయనమ్మేమో రైతుల ఇంటి బిడ్డ, మబ్బు కనిపించకపోతే ఆమెకు నిద్ర పట్టదు. తల్లీ కొడుకులిద్దరూ ఒకే ఆకాశం కేసి చూసి చెరొకటి మొక్కుకునేవాళ్లు.

ఏకాదశికి నాలుగు రోజుల ముందు నాయనమ్మకు చలిజ్వరం పట్టుకుంది. దవాఖాన డాక్టరు మందిచ్చి, కడుపు ఖాళీగా ఉంచితే మనిషి దక్కదని చెప్పి పంపాడు. ఏకాదశినాడు పొద్దున్నే అమ్మ జావ పట్టుకొస్తే ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. నాయన కోపం చేశాడు, బతిమాలాడు, చివరికి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నాయనమ్మ దిగివచ్చింది గాని ఒక మెలిక పెట్టింది.

“నా బదులు ఇంట్ల ఎవలన్న ఒక్కపొద్దుంటే తాగుత. లేకుంటే నన్ను ఇట్లనే పోనియ్యిండ్రి.”

అమ్మ చంకలో పాలు తాగే తమ్ముడున్నాడు. నాయన ఎండలో వీధి చివరి నుంచి చివరికి తిరుగుతూ కుంచెతో పడుగు రుద్దాలి. మిగిలింది నేను. నేనుంటానన్నాను. నాయనకు ఏడుపు ఆగి నవ్వు వచ్చింది.

“గీ పోరి ఉంటదా? పోయినేడు పిండి దొంగతనంగ బుక్కి, ఎవలు తిన్నరని నువ్వడిగితె నీ మొకమంత తెల్లగ జేసింది యాదికి లేదానే అమ్మా?”

అది నిజమే. పేలపిండి నోట్లో ఉండగా మాట్లాడకూడదని అప్పటికి నాకు తెలియదు. నాయనమ్మ మాత్రం నన్ను చాలాసేపు చూసింది.

“ఉండు బిడ్డా. నువ్వు తప్పితె నేను తాగిన జావ నాకు పాపమైతది. నిన్ను నమ్మి తాగుతాన.”

ఇలా అని గ్లాసు ఎత్తి తాగేసింది. అంతవరకు నన్ను నమ్మి ఎవరూ గుక్కెడు నీళ్లు కూడా తాగినవాళ్లు లేరు.

ఒక్కపొద్దున్నవాళ్లే పిండి దంచాలట. రోట్లో రోకలి వేసినప్పుడల్లా బెల్లం వాసన లేచి నా మొహాన్ని తడిమి పోయేది. మిట్టమధ్యాహ్నానికి, వీధిలో పడుగుకు పట్టిస్తున్న గంజి వాసన కూడా పెళ్లి భోజనం లాగా తోచింది. నోరు ఊరకే ఉంటే చెయ్యి దానంతట అదే గిన్నెలోకి పోతోందని గమనించి, పిండిని వంటింట్లో పెట్టేసి వచ్చి నాయనమ్మ మంచం పక్కన కూర్చుని మాటలు మొదలుపెట్టాను. మేడారం అడవిలో ఒక మబ్బు చెట్టుకొమ్మకు చిక్కుకుందని, దాన్ని నాయన పడుగు దారంతో లాక్కొస్తున్నాడని, దారిలో ఎనుమాముల రైతులు మాక్కావాలంటే మాక్కావాలని దాని తోక పట్టుకుని గుంజుతున్నారని చెప్పాను. నాయనమ్మ నవ్వి నవ్వి చెమటపట్టి, ఆ చెమటకు జ్వరం దిగి, ఇంకో గ్లాసు జావ అడిగింది. నేను కోతలు కోయడం నేర్చుకున్నది ఆ పూటే, ఆకలికి.

దీపం వేళకు అమ్మ గిన్నె మీది మూత తీసింది. నున్నగా సర్దిన పిండి మధ్యలో గుప్పెడంత గుంత.

అమ్మ నావైపు చూసింది. నాయనమ్మ చేతిలో ఉన్న గ్లాసు కింద పెట్టేసింది. “తిన్నవా బిడ్డా?” అని అడిగింది, మెల్లగా. తినలేదన్నాను. ఆ మాట నా చెవులకే నమ్మకంగా వినిపించలేదు. పొద్దంతా మబ్బును దారంతో గుంజినదాన్ని, ఇప్పుడు నిజం చెబితే ఎవరు వింటారు? ఆమె ముఖం పొద్దుటిలాగే గోడవైపు తిరగబోతోంది. నాయన గడపలో నిలబడి ఉన్నాడు. నా మీద చాడీ చెప్పడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదు, అయినా ఆయన ఒక్క మాటా అనలేదు. అదే నాయనమ్మకు వింతగా తోచింది.

“నువ్వేందిరా, ఏం మాట్లాడవు?”

నాయన తల అడ్డంగా ఊపాడు.

“నోట్లె నాలికె లేదా?”

ఆయన మింగబోయాడు. పొడిపిండి అంత తొందరగా దిగేది కాదు. పొలమారింది. ఒక్క దగ్గుతో మీసాలు, కనురెప్పలు, గడప, గడప మీది పసుపు, అన్నీ తెల్లబడ్డాయి. అప్పుడు నాయనమ్మ నవ్వింది చూడండి, మంచం కిర్రుమంది.

నాయన ముఖం తుడుచుకోకుండానే నా ముందు కూర్చున్నాడు. “పొద్దంత ఎండల ఉన్న బిడ్డా, ఆకలికి తాళలే. ఇది నీ మీదికి వస్తదనుకోలే. జర మాఫ్ చెయ్యి” అన్నాడు. మా వీధిలో కూతుర్ని మాఫీ అడిగిన మొదటి మగాడు మా నాయనే అని నా నమ్మకం.

నాయనమ్మ లేవలేదు కాబట్టి కుండ బోర్లించే హక్కు నాకిచ్చింది. పిండి నోట్లో వేసుకుని, పెదాలు గట్టిగా బిగించి, వాకిట్లోకి నడిచి కుండను రెండు చేతులా ఎత్తి బోర్లించాను. దాని అడుగు ఆకాశాన్ని చూసిందో లేదో ఉరిమింది. వీధి వీధంతా పడుగు ఎత్తడానికి పరుగెత్తింది. అందరికంటే ముందు నాయన, మీసాల మీది పేలపిండి వానకు తడిసి గంజి కారుతుండగా, దారాలన్నీ నెత్తిన పెట్టుకుని ఇంట్లోకొచ్చాడు. వాన ఆ సాయంత్రం కాదు, మూడో రోజు వచ్చిందని అమ్మ చనిపోయేదాకా వాదించింది. నా ఒక్కపొద్దుకు వచ్చిన వానను మూడో రోజుకు నెట్టడం నాకు ఇష్టం లేదు.

నాయనమ్మ ఆ తర్వాత ఆరు వానకాలాలు చూసింది, కుండ మాత్రం నాచేతే బోర్లింపజేసింది. ఇప్పుడు ఆ మగ్గం గుంత పూడ్చి పైన సిమెంటు వేశారు. వీధిలో పడుగు చాపే చోటు లేదు. రోలు ఎవరి పెరట్లో ఉందో తెలియదు. ఇంట్లో ఫ్రిజ్ వచ్చింది, దాన్ని బోర్లించే వీలు లేదు.

ఈరోజు తొలి ఏకాదశి. ఈ ఏడూ మృగశిర దాటింది, చినుకు లేదు. బండివాడు పేలాల పొట్లం చేతికిచ్చి, “తింటలేవేందమ్మా, సల్లారుతాంది” అన్నాడు. దీపం పెట్టినంక తింటానన్నాను. పొట్లం సంచిలో వేసుకుని, మబ్బు తునక లేని ఆకాశాన్ని ఒకసారి చూసి, గొడుగు తెచ్చుకోనందుకు నన్ను నేనే తిట్టుకుంటూ గబగబా ఇంటిదారి పట్టాను.