గీత గుంజితె రొట్టెలొచ్చినయ్

తొమ్మిదో తరగతి మధ్యల నేను బడి బంద్ చేసిన. బడికి నాతోని ఏం బాధ లేకుండె గని, లెక్కల సారు మాత్రం ఆ పొద్దంతా నవ్వుముఖంతోనే తిరిగిండని దోస్తులు చెప్పిన్రు. అసొంటి నేను కంప్యూటర్ ముంగట కూసోని సాఫ్ట్‌వేర్ తయారు చేసిన అంటె, కరీంనగర్‌ల మా గల్లీ ఇప్పటికీ నమ్మదు. మా వదినె ఒక్కతే నమ్ముతది, అది ఆమెకే తాకింది గనక.

నాది ఇండ్లకు కరెంటు వైరింగ్ చేసే పని. వదినె ఇంట్లనే జొన్నరొట్టెలు చేసి అమ్ముతది. ఆర్డర్లన్నీ ఫోన్‌ల మెసేజ్‌లుగ వస్తయి. చేతులనిండ పిండి, ఫోన్ ఎట్ల వట్టుకుంటది? అప్పుడే ఆడపిల్లల హాస్టల్ వాళ్లు, "సోమవారం సాయంత్రం వేడివేడి రొట్టెలు పంపుండ్రి, మంచిగుంటె ఇగ రోజూ మీకే" అన్నరు. వదినె ఆ ఆర్డర్ మీదనే పాణం వెట్టుకున్నది. అది నిలవడితె ఇంకో పొయ్యి, సాయానికి ఇంకో మనిషి. లేకుంటె మళ్ళ ఎవరిదో షాపుల బట్టలు కుట్టవోవుడే.

"నువ్వు ఫికర్ చెయ్యకు వదినె, నేనున్న" అన్న. ఆమె ఫికర్ అప్పుడే మొదలైంది.

గల్లీ చివర మొబైల్ దుకాణం భాయ్ తన కంప్యూటర్‌ల ఒక ఉపాయం చూపెట్టిండు. తెర మీద అన్నీ పెట్టెలు. మెసేజ్ అందుకునేది ఒకటి, ఆర్డర్లను వరుసల పెట్టేది ఒకటి, జవాబు పంపేది ఒకటి. ఒక్కోటి ఎక్కడనో ఎవరో నడిపే సర్వీసు. మనం కోడ్ రాసే పని లేదు. మౌస్‌తోని ఈ పెట్టెకెల్లి ఆ పెట్టెకు గీత గుంజితె, ఇది చెప్పింది అది ఇంటది.

"గింతేనా భాయ్? స్విచ్ బోర్డే గదా!"

"జర ఆగన్నా. స్విచ్ బోర్డ్ తప్పైతె షాక్ నీకే కొడ్తది. ఇది ఎవరికి కొడ్తదో తెల్వది."

ఆగుడు నాకు బడిలనే రాలే. గుంజిన గీతలు. పాత గిరాకీలు ఎప్పుడూ తీసుకునేటియే తీసుకుంటరు గదా అని, ఏ నంబరుకెల్లి మెసేజ్ వచ్చినా అలవాటు ప్రకారం ఆర్డర్ ఎక్కించమన్న. ఎక్కంగనే "మీ ఆర్డర్ అందింది, ధన్యవాదాలు" అని జవాబు పొమ్మన్న. పాత ట్యాబ్ ఒకటి వంటింటి గోడకు బిగించి, వరుసంతా అండ్ల కనవడేటట్టు చేసిన.

సోమవారం పగటీలి బువ్వ యాళ్ల దాటినంక పెద్దపల్లికెల్లి వచ్చి మా పక్క గల్లీల ఉంటున్న మామ ఒకాయన రొట్టెలు చెప్పిండు. బొగ్గుబాయిల పనిచేసి రిటైరైన పెద్దమనిషి, వదినెకు పాత గిరాకీ. పెట్టె ధన్యవాదాలు చెప్పింది. మన దిక్కు పెద్దమనిషికి ధన్యవాదాలు చెప్తె ఊకుంటడా? "సల్లంగుండు బిడ్డా" అని రాసిండు. పెట్టె దాన్ని ఇంకో ఆర్డర్ అనుకొని మళ్ళ ధన్యవాదాలు చెప్పింది. "అయ్యో, నాకెందుకు బిడ్డా ధన్యవాదాలు" అన్నడు మామ. ఇంకో ఆర్డర్. ఒక టీచరమ్మ దండం బొమ్మ పంపింది. ఆర్డర్. ఇంకొకామె గులాబీ పువ్వు పంపింది. అదీ ఆర్డరే. మర్యాదల మనుషులు తగ్గలే, పెట్టె అసలే తగ్గలే.

వదినె కొట్టిన రొట్టె కొట్టినట్టే ఉన్నది. చెమట తుడుసుకోను చెయ్యి ఖాళీ లేదు.

"ఏంది మరిదీ, కరీంనగరంతా అన్నం బంద్ వెట్టిందా?"

"అంతా మన సాఫ్ట్‌వేర్ మహిమ వదినె!" అని మీసం తిప్పిన.

ఇన్ని రొట్టెలు కావాలెనని హాస్టల్ వాళ్ల మెసేజ్ వచ్చేసరికి అది వరుస తోకల వడ్డది. దాని మీద అంతా మామనే. వదినెకు అనుమానమొచ్చి ఫోన్ కలిపింది.

"మామా, ఇంట్ల ఏమన్న దావతా?"

"దావతెక్కడిది బిడ్డా! నేను, మీ అత్త, ఇద్దరమే. నువ్వేమో ధన్యవాదాలు ఆపుతలేవు. జవాబియ్యకుంటె ముసలోనికి బలుపనుకుంటవని నేనూ రాస్తున్న. చేతి ఏళ్లు నొస్తున్నయి, ఇగ ఇడిసిపెట్టు తల్లీ!"

వదినె నా దిక్కు చూసింది. పెనం సుత అంత కాలలే.

అప్పటికే చేసినయి సల్లారి అట్టల తీర్గ బిర్రుగైనయి. హాస్టల్‌కు వేడివే కావాలె. వదినె ట్యాబ్‌ను గోడకెల్లి పీకి, రొట్టెలు మళ్ళ మొదటికెల్లి షురూ చేసింది. నన్ను పిండి పిసుకుమన్నది. మసిలే నీళ్లు పోసి పిసుకుతుంటె ఆ షాక్ ఎవరికి కొట్టిందో నాకు తెలిసింది. డబ్బా బండి మీద కట్టుకొని ఉరికిన. పిల్లలు పళ్ళాలు ముంగటేసుకొని కూసున్నరు. వార్డెనమ్మ ముఖం గంటు వెట్టుకొని రొట్టె ఇరిసింది. పొగ లేచింది.

"రేపటిసంది జర ముందుగాల తెండ్రి" అన్నది.

రేపటిసంది అన్నది! దారంతా హారన్ కొట్టుకుంటనే వచ్చిన.

బిర్రు రొట్టెలు సల్లల నానేసుకొని మేం తిన్నం. తెల్లారి భాయ్ పడీపడీ నవ్వుకుంట నడుమ ఇంకో పెట్టె పెట్టించిండు: ఎన్ని రొట్టెలో రాస్తెనే ఆర్డర్, లేకుంటె ఊకో అని.

సాయంత్రం వదినె హాస్టల్ రొట్టెలు కాలుస్తుంటె పక్కకు పోయి కూసున్న.

"తప్పు నా గీతలది కాదు వదినె, మనోళ్ల మర్యాదది. నా నంబరుకెల్లి పరీక్ష చేసినప్పుడు ఒక్క ఆర్డరే ఎక్కింది, మంచిగనే ఆగింది."

వదినె తల ఎత్తకుండనే రొట్టె తిప్పేసింది.

"ఆగదా మరి? ఇన్నేండ్లసంది నా చేతి రొట్టె తింటున్నవు, ఒక్కనాడన్న మంచిగున్నదన్నవా? నీ అసొంటోనితోటి ఏ మిషినైనా మంచిగనే నడుస్తది మరిదీ."