ఫినాయిలమ్మ కడగనన్న నేల

ఇంటిల్లిపాదీ ఆమెను ఫినాయిలమ్మ అనేవాళ్లు. పెళ్లికి ముందు ఆసుపత్రిలో నేలలు కడిగిన మనిషి మరి! అత్తగారి పందుల కొట్టాలకు వచ్చాక కూడా ఆమె చేతిలోంచి చీపురు దిగలేదు. నేల అద్దంలా ఉండాలి, తొట్టి తళతళలాడాలి. అందులో తప్పేముంది చెప్పండి?

తప్పేమీ లేదు గానీ, తల్లిపాలు మాన్పించగానే పంది పిల్లలకు విరేచనాలు పట్టుకునేవి. పోయిన ఈతలో సగం పిల్లలు ఆమె చేతుల్లోనే పోయాయి.

"నీకు అప్పజెప్పి కొంప ముంచుకున్నాను. ఈసారీ ఇంతే అయితే పందులన్నీ వ్యాపారికి తోలేస్తా" అని అత్తగారు తేల్చి చెప్పేసింది. ఆవిడ అన్నంత పనీ చేసే రకం. ఫినాయిలమ్మకేమో ఆ కొట్టాలంటే ప్రాణం. పుట్టిన ప్రతి పిల్లనూ తుడిచి తల్లి పొదుగు దగ్గర పెట్టేది తనే.

అందుకే పశువుల డాక్టరమ్మ చెప్పిన ప్రోబయోటిక్ పొడి తెచ్చింది. పాలు మానిన పిల్లల పొట్టలో మంచి సూక్ష్మజీవులు నిలదొక్కుకుంటే, రోగం తెచ్చేవాటికి చోటుండదట. ఆ పొడిని రోజూ నీళ్ల తొట్టిలో కలిపింది. అయినా విరేచనాలు ఆగలేదు, పిల్లల తోకలు తడితడిగానే ఉన్నాయి. అత్తగారు వ్యాపారికి కబురు పెట్టేసింది.

ఫినాయిలమ్మ పశువుల ఆసుపత్రికి పరుగెత్తింది. డాక్టరమ్మను బతిమాలి రప్పించుకుంది.

డాక్టరమ్మ తొట్టి మీదికి వంగి ముక్కు చిట్లించింది. "ఏంటమ్మా ఈ వాసన?"

"బ్లీచింగ్ పౌడరండీ. పసివి తాగే నీళ్లు కదా, కాస్త ఎక్కువే వేస్తాను."

"మరి నేనిచ్చిన పొడి?"

"అందులోనే కలుపుతానండీ."

డాక్టరమ్మ నెత్తి కొట్టుకుంది. "అవి బతికున్న సూక్ష్మజీవులు తల్లీ! పొట్టలోకి పోకముందే తొట్టిలోనే చంపేస్తున్నావు. కొట్టం కడుక్కో, ఎవరొద్దన్నారు? తర్వాత మంచినీళ్లతో బాగా జాడించు. పొడి మాత్రం మేతలో కలుపు." నీరసించిన పిల్లలకు మందు కూడా ఇచ్చి వెళ్లింది.

అయ్యో, చేతులారా చేసుకున్నానే అని ఫినాయిలమ్మ కుమిలిపోయింది. బ్లీచింగ్ డబ్బా తీసుకెళ్లి అత్తగారి చేతిలో పెట్టింది. "దాచేయండత్తయ్యా. నా చెయ్యి ఊరుకోదు."

తర్వాతి వారం వ్యాపారి బండి వాకిట్లో ఆగింది. ఫినాయిలమ్మ కొట్టం బయటే ఆగిపోయింది. అత్తగారే పిల్లల గదిలోకి వెళ్లింది, నేల మీదికి వంగింది.

"ఒసేయ్, ఇటు రా!"

పెంట గట్టిగా, ఉండలు ఉండలుగా పడి ఉంది. తోకలన్నీ పొడిగా ఉన్నాయి. పిల్లలు ఒకదాన్నొకటి తోసుకుంటూ మేత తింటున్నాయి.

అత్తగారు గుమ్మంలోకి వచ్చి, "వెళ్లు నాయనా, మేం అమ్మట్లేదు" అంది.

"రమ్మన్నది మీరేగా!" అన్నాడు వ్యాపారి.

"అన్నాను. ఇప్పుడు పొమ్మంటున్నాను."

హమ్మయ్య! ఫినాయిలమ్మ అక్కడే చతికిలబడి, నవ్వుతూనే భోరుమంది.

"ఏడ్చింది చాల్లే. నేల చూడు ఎలా ఉందో, కడుగు" అంది అత్తగారు చీపురు అందిస్తూ.

"ఇప్పుడే వద్దత్తయ్యా" అంది ఫినాయిలమ్మ. "ఇంకాసేపు చూసుకోనివ్వండి."