ఒక్క గంటకు ఆగిన పరేడు

మా మిలిటరీ బడిలో మిలిటరీ వాళ్లు ఇద్దరే. ఒకరు బడి పెట్టిన ప్రిన్సిపాల్ గారు, కెప్టెన్‌గా రిటైరైన పెద్దమనిషి. ఇంకొకరు డ్రిల్లు సారు, హవల్దారుగా చేసి, మోకాలికి దెబ్బ తగిలి ఫౌజు నుంచి తిరిగొచ్చినవాడు. మిగతాదంతా పాత రేకుల షెడ్డు, అరువు బెంచీలు, బొగ్గు బాయి పనివాళ్ల పిల్లలు, లెక్కలు చెప్పే నేను. గోదావరిఖనిలో గనిని బాయి అనే అంటాం. డెబ్బైల మొదట్లో సంగతి ఇది. ‘ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట’ అని మా బోర్డు చూసి బజార్లో నవ్వుకునేవారు. నవ్వితే నవ్వారు, వాన పడితే మూడు తరగతులూ కురవని మూలకు జరిగే మాట నిజమే. అయినా ఆ బడి మీద ఈగ వాలితే నేను ఊరుకునేదాన్ని కాదు.

దానికి నా స్వార్థం నాకుంది. పెద్దపల్లిలో ఉండే మా అన్న నన్ను ఈ నౌకరికి ఒక షరతు మీద పంపాడు. బడి నడిచినన్నాళ్లే ఉద్యోగం. మూతపడితే ఇంటికొచ్చి, ఆయన చూసిన సంబంధం చేసుకోవాలి. పెళ్లికొడుక్కి బియ్యం మిల్లు ఉంది. ఆడది బయట పనిచేస్తే మిల్లు పరువు పోతుందని మా అన్నతో చెప్పి పంపాడు. మిల్లుకు పరువేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. ఆ ఏడాది సర్కారు గుర్తింపు రాకపోతే బడి మూసేస్తామని కమిటీ చెప్పేసింది. గుర్తింపు ఇవ్వడానికి ఒక మిలిటరీ అధికారి వచ్చి ముందు పరేడు చూస్తాడట. అంటే నా బతుకంతా ఆ హవల్దారు చేతిలో ఉంది. నాకేమో ఆయనంటే పడదు.

ఆయన డ్రిల్లు పొద్దున మొదటి పీరియడు దాకానే. కానీ ఒక్కనాడూ టైముకు వదిలిన పాపాన పోలేదు. నేను సుద్దముక్క పట్టుకుని మైదానం అంచున నిలబడేదాన్ని.

“సారూ, నా పిల్లల్ని నాకు ఇడుస్తరా?” అనేదాన్ని.

“పిల్లలు కాదు పంతులమ్మా, జవాన్లు.”

“జవాన్లకు పదమూడో ఎక్కం రాదు మరి.”

“ఎక్కాలతోని లడాయి గెలుస్తరా?”

“బియ్యం ఎన్ని దినాలకొస్తయో లెక్క తెల్వకుంటే, తిండి లేక ఓడుతరు.”

పిల్లలు నవ్వు ఆపుకోలేక పెదాలు కొరుక్కునేవారు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, ఆయనకు మీసం మీద ఉండేది.

ఇంతలో మా బడి ఇత్తడి గంట పగిలింది. పిల్లల తండ్రుల్లో ఎవరో బాయి నుంచి పాత పట్టా ముక్క ఒకటి తెచ్చి చెట్టుకు వేలాడదీశారు. టబ్బులనే చిన్న బొగ్గు బండ్లు నడిచే ఇనుప పట్టా అది. సుత్తితో కొడితే కాలనీ దాకా వినబడేది. మొదటి పీరియడుకు ఒక గంట, రెండోదానికి రెండు, అట్లా కొట్టాలని అటెండర్‌కు చెప్పాం.

ఆ మర్నాడు డ్రిల్లు మంచి ఊపులో ఉంది. అటెండర్ వెళ్లి ఒక్క గంట కొట్టాడు. మైదానంలో అన్ని కాళ్లూ ఒక్కసారే ఆగిపోయాయి. వెనకవాడు ముందువాణ్ని గుద్దుకోలేదు కూడా. హవల్దారు ఒక్కడే నాలుగడుగులు ముందుకు పోయి, చప్పుడు లేదేమని వెనక్కి తిరిగి చూశాడు.

“ఎందుకాగిండ్రురా?”

“గంట గొట్టిండ్రు కద సార్,” అన్నారు పిల్లలు, అది కూడా తెలియదా అన్నట్టు.

ఆయన చూపు నేరుగా నా మీద పడింది. చేతిలో సుద్దముక్కతో నేను దొరికిపోయాను. మధ్యాహ్నం స్టాఫ్ గదిలోకి వచ్చి నిలబడ్డాడు.

“గంట గొడితే డ్రిల్లు బంద్ చేసి క్లాసుకు రావాలెనని మీరే నేర్పిండ్రు గదా?”

నేర్పలేదు. ఆ ఆగడం చూసి నాకూ ఆశ్చర్యంగానే ఉంది. లేదని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ ఆ మీసం, ఆ అడిగే తీరు చూస్తే ఒళ్లు మండింది.

“నేర్పిన. ఏం జేస్తరు?” అన్నాను.

ప్రిన్సిపాల్ గారికి ఫిర్యాదు చేశాడు. ఆయన ఇద్దరినీ పిలిచి, “మీ ఇద్దరి మధ్య ఈ బడి నలిగి చచ్చేట్టుంది,” అని తల పట్టుకున్నారు. బయటికొచ్చాక హవల్దారు అటెండర్‌తో గంటను ఆలస్యంగా కొట్టమన్నాడు. నేను టైముకే కొట్టమన్నాను. పాపం అటెండర్, కక్కలేక మింగలేక చివరికి నా మాటే విన్నాడు, వాళ్లబ్బాయికి లెక్కల్లో మార్కులు కావాలి కాబట్టి. రోజూ గంట మోగేది, రోజూ పరేడు నట్టనడుమ ఆగిపోయేది. ఇన్‌స్పెక్షన్ దగ్గర పడుతోంది. నా కాళ్లు నేనే నరుక్కుంటున్నానని తెలుసు. అయినా తగ్గలేదు, అదీ నా బుద్ధి.

ఒకనాడు కంచె అవతల ఎవరో పకపకా నవ్వడం వినబడింది. ఒక పిల్లవాడి తండ్రి, రాత్రి షిఫ్టు దిగి, మొహం మీద బొగ్గు కూడా కడుక్కోకుండా పరేడు చూస్తున్నాడు. బాయిలో టబ్బులను ఇనుప తాడుతో లాగే యంత్రం నడుపుతాడు. అందరూ కాకా అని పిలిచేవారు.

“ఏంది కాకా, నవ్వబడ్తివి?” అన్నాను.

“నవ్వక ఏంజేయాలె బిడ్డా. పోరగాండ్లు ఒక్క గంటకు ఎట్లాగిండ్రో సూడు. బాయిల మాక్కూడ గదే గంట. ఒకటి గొడితే ఆగాలె. రెండు గొడితే కిందికి ఇడువాలె. మూడు గొడితే లాగాలె. ఒకటి గొట్టినంక గూడ తాడు కదిలిందనుకో, కింద మనిషి పోతడు. ఇండ్లకాడ వీళ్లు ఆడేది గూడ టబ్బులాటనే. పట్టా సప్పుడు ఇంటే వాళ్ల కాళ్లు వాటంతటవే ఆగుతయి.”

నేను అక్కడే నిలబడిపోయాను. ఇన్నాళ్లూ డ్రిల్లు సారూ నేనూ కొట్టుకు చస్తున్నది, ఆ పిల్లలు తండ్రుల ప్రాణాల కోసం నేర్చుకున్న దాని మీదన్నమాట. సిగ్గేసింది.

నాకు క్షమించమని అడగడం రాదు, ఇప్పటికీ రాదు. డ్రిల్లు సారు దగ్గరికి పోయి, “పిల్లలకు నేనేం నేర్పలే. అబద్ధం చెప్పిన,” అని కాకా చెప్పినదంతా ఒక్క ఊపిరిలో చెప్పేశాను. ఆయన ఒక్కసారిగా నవ్వాడు. ఆ మీసం వెనక అంత మంచి నవ్వు ఉందని అప్పటిదాకా నాకు తెలియదు. తెలియకపోయినా బాగుండేది, ఆ పూట ఒక్క లెక్కా సరిగ్గా చెప్పలేకపోయాను.

“అయితే గంటతోనే పరేడు నడిపియ్యుండ్రి,” అన్నాను.

“ఫౌజుల ఆర్డరు నోటితోని ఇస్తరు పంతులమ్మా. గంటతోని నడిపితే ఆఫీసరు నవ్వి పోతడు. ఆ పొద్దు గంట గొట్టకుంటే సాలు, మిగతాది నేను జూసుకుంట.” ఆగి, మెల్లగా అన్నాడు, “ఈ బడిని పోనియ్య నేను. మీరు ఫికరు పడకుండ్రి.” మిల్లు సంబంధం సంగతి ఆయనకూ చేరిందని అప్పుడు తెలిసింది.

వారం రోజులు ప్రాక్టీసు చేయించాడు. వారం రోజులు అరిచాడు. ఇన్‌స్పెక్షన్ నాడు అధికారి జీపు దిగి, ప్రిన్సిపాల్ గారి పక్కన వేదిక మీద కూర్చున్నాడు. కంచె అవతల షిఫ్టు దిగిన తండ్రులందరూ నల్లటి మొహాలతో, బాయి టోపీలతో నిలబడ్డారు. డ్రిల్లు సారు మైదానం మధ్యకు నడిచి, ఛాతీ విరిచి నోరు తెరిచాడు. గాలి వచ్చింది, మాట రాలేదు. మళ్లీ తెరిచాడు. మళ్లీ గాలే. గొంతు పూర్తిగా పోయింది.

అధికారి గడియారం చూసుకున్నాడు. నా కళ్లకు మిల్లు కనబడింది, పెద్దపల్లి స్టేషన్ కనబడింది. హవల్దారు మెల్లగా నా వైపు తిరిగాడు. అంత మనిషి, ఆ మీసం ఉన్న మనిషి, చేతిని నడుము దగ్గరే ఉంచి నాకు మూడు వేళ్లు చూపించాడు.

నేను చెట్టు దగ్గరికి పరుగెత్తాను. సుత్తి తీసి మూడు గంటలు కొట్టాను. పిల్లలు కదిలారు. ఎడమ, కుడి, ఎడమ, కుడి, నేల అదిరేట్టు. ఆయన కర్ర ఎటు చూపితే అటు మళ్లారు. వరుస చెదరలేదు. వేదిక ముందుకు రాగానే ఆయన కర్ర పైకి లేచింది. నేను ఒక్కటంటే ఒక్కటి కొట్టాను. అన్ని కాళ్లూ ఒకే చప్పుడుతో ఆగాయి, అన్ని చేతులూ ఒకేసారి సెల్యూట్‌కు లేచాయి. కంచె అవతల నుంచి ఈలలు, చప్పట్లు. కాకా అయితే టోపీ తీసి ఎగరేశాడు.

అధికారి లేచి నిలబడ్డాడు. “ఇంత బాగా ఆగే పరేడు నేను చూడలేదు. ఈ పద్ధతి ఎవరిది?” అని అడిగాడు.

హవల్దారు లేని గొంతుతోనే, “పంతులమ్మది సార్,” అన్నాడు.

“బాయిది సార్,” అన్నాను నేను.

గుర్తింపు కాగితం వచ్చిన రోజు ప్రిన్సిపాల్ గారు దాన్ని చదివి, మళ్లీ చదివి, అందరికీ బెల్లం పంచారు. సాయంత్రం బడి విడిచాక నేను సంచీ తగిలించుకుని గేటు వైపు నడుస్తున్నాను. వెనక పట్టా ముక్క ఒక్కసారి మోగింది. నా కాళ్లు ఆగాయి. ఆ పిల్లల మధ్య ఉండి ఉండి నాకూ అలవాటైపోయింది. తిరిగి చూస్తే సుత్తి పట్టుకుని డ్రిల్లు సారు.

“మనిషిని పిలిచే తీరేనా ఇది?” అన్నాను.

“నోటితోని పిలిస్తే ఎన్నడన్న ఆగినవా నువ్వు?”

మీరు కాస్తా నువ్వైంది. నేను గమనించాను.

“నెల కిందనే అడుగుదామనుకున్న,” అన్నాడు. “అప్పుడడిగితే, మిల్లన్న జేసుకోవాలె, నన్నన్న జేసుకోవాలె అన్నట్టయితుండె. దిక్కులేక ఒప్పుకున్నవని నాకు జీవితమంతా అనుమానమే ఉంటుండె. ఇప్పుడు బడి నిలిచింది. నీ నౌకరి నీకున్నది. వద్దనాలెనంటే వద్దను, పొద్దుగాల మళ్ల ఎక్కాల మీద కొట్లాడుదాం.”

నా ఇష్టం అడిగిన మొదటి మనిషి ఆయన. మా అన్న అడగలేదు, మిల్లాయన అడగలేదు. వద్దనే హక్కు నాకుందని చెప్పి మరీ అడిగాడు. కళ్లు నిండాయి. అంత సంతోషం నాకు మళ్లీ ఎప్పుడు కలిగిందో చెప్పమంటే చెప్పలేను.

నడిచి వెళ్లి ఆయన చేతిలోంచి సుత్తి తీసుకున్నాను. ఆయన నాలుగడుగులు వెనక్కి జరిగాడు. బడి విడిచాక గంటేమిటని అటెండర్ బయటికొచ్చి చూస్తున్నాడు. చూడనీ అనుకున్నాను. మూడు గంటలు కొట్టాను, లెక్క తప్పకుండా. హవల్దారు నా వైపు నడిచాడు.