బాపు నమ్మని రిహార్సల్

కాలేజీలో రిహార్సల్ ఉందని, పొద్దుగూకాకే ఇల్లు చేరతానని మొన్న మనుమరాలు ఫోన్ చేసి చెప్పినప్పుడు, కోరుట్లలో హాయిగా కూర్చున్న నా మనసు ఊరికే కీడెంచింది. నవ్వకండి, ఆ మాటను నమ్మని ఇంట్లో పుట్టినదాన్ని నేను.

బుగ్గారంలో పదో తరగతి చదివేటప్పుడు, బడి వార్షికోత్సవ నాటకంలో నాకు రాణి వేషం దొరికింది. సాయంత్రాలు రిహార్సల్ ఉంటుందంటే మా నాన్నకు, మేం పిలిచే బాపుకు, ఆ ఇంగ్లీషు ముక్క మింగుడుపడలేదు. తనకు తెలియని మాట వెనుక తనకు తెలియని మనిషి ఎవడో ఉంటాడని ఆయన లెక్క. "చెప్పిందే దినాం చెప్పుడేంది? ఒక్కపారి నేర్చుకుంటె రాదా?" అని అమ్మను నిలదీసి, సంగతేమిటో తేలకపోతే నన్ను బడి మాన్పిస్తానన్నాడు.

మర్నాటి నుంచి బడి ప్రహరీ అవతల బాపు తలరుమాలు కనబడసాగింది. లోపల నేను రాణినై ప్రజలను ఓదారుస్తుంటే ఆ రుమాలు కదిలేది, నా మాట తడబడేది, తడబడితే నాటకం నేర్పే ఇంగ్లీషు సారు మళ్ళీ మొదటి నుంచి చెప్పించేవారు, అలా చెప్పించినకొద్దీ బాపు అనుమానం మరింత ముదిరేది.

చివరికి ఆ సారే, ఇంట్లో ఉర్దూ, ఊళ్ళో అచ్చం మాలాగే తెలుగు మాట్లాడే మనిషి, బాపును లోపలికి పిలిచి బెంచీ మీద కూర్చోబెట్టి, ఆ మాట పుట్టింది చేనులోనేనని చెప్పారు. పాత ఫ్రెంచి భాషలో, దున్నిన చేలో గడ్డలు పగలగొట్టే గుంటుకకున్న పేరుకు 'మళ్ళీ' అని తగిలిస్తే వచ్చిన మాటట అది. "గుంటుక తోలిన చేన్లనే మల్ల తోలుడన్నట్టు, అన్నా. గడ్డలు పగలకుంటె గింజ మొలుస్తదా?" అన్నారు.

బాపు "గట్లనా? గీ ముచ్చట ముందుగాల చెప్పద్దా" అని గొణిగాడు. నా చదువు దక్కింది.

నాటకం నాడు మాత్రం, జనంలో ఆయన కోసం వెతుక్కుంటూనే ఒక్క మాటా తడబడకుండా చెప్పాను. ఆయన రాలేదు. ఇంటికొచ్చి అడిగితే, "అనుమానం తీరినంక ఇగ చూసుడేముంది బిడ్డా" అన్నాడు. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

ఇప్పుడు మనుమరాలు ఎక్కడుందో వాళ్ళమ్మ ఫోనులో చుక్కై కనబడుతుంది, గోడవతల నిలబడే పని ఎవరికీ లేదు. మంచిదే. కానీ అనుమానించిన బాపు విన్నంత శ్రద్ధగా, ఆ తర్వాత నన్ను నమ్మినవాళ్ళెవరూ వినలేదు.